సేఫ్టీ వేసినా పేలితే: పిస్టల్, రివాల్వర్లలో లోపాలు, కారణాలు, పరిష్కారాలు

సేఫ్టీ అనేది తుపాకీ అనుకోకుండా పేలకుండా ఆపే ఒక చిన్న ఉక్కు ముక్క. అరుగుతుంది, విరుగుతుంది, మురికి పట్టి ఇరుక్కుంటుంది. సేఫ్టీ ఉంది కదా అని బారెల్‌ను మనిషి వైపు తిప్పకండి, కాల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి.

కింది పరీక్షలకు ముందు ఆయుధం ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టండి. పిస్టల్‌కు వరస ముఖ్యం: ముందు మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) తీయాలి, తర్వాతే స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కీ జరిగే పైభాగం) లాగాలి. వరస తప్పితే ఛాంబర్‌లోని (బారెల్ వెనక, పేలడానికి సిద్ధంగా తూటా ఉండే గదిలోని) తూటా బయటపడుతుంది కానీ, స్లైడ్ ముందుకెళ్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకోదాన్ని లోపలికి తోస్తుంది. ఒకటి బయటపడింది కదా, ఖాళీ అయిందనుకుంటారు. ప్రాణాలు పోయేది ఇలాంటప్పుడే. స్లైడ్‌ను వెనక్కి ఆపి ఛాంబర్‌లోకి చూడండి, చిటికెన వేలితో తడమండి.

సమస్య: సేఫ్టీ వేసి ఉన్నా హ్యామర్ పడుతోంది, లేదా సేఫ్టీ తీయగానే పడుతోంది

హ్యామర్ అంటే దెబ్బ కొట్టి తూటాను పేల్చే చిన్న సుత్తి. 1911 అనే పాత అమెరికన్ మోడల్ తరహా పిస్టల్‌లో ఆ హ్యామర్‌ను ఎక్కుపెట్టి పట్టుకునే భాగం సియర్. దాన్ని సేఫ్టీ కదలనివ్వకూడదు. సేఫ్టీ అరిగితే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు సియర్ కాస్త జరిగి హ్యామర్ అంచున నిలుస్తుంది. పరీక్ష ఇది: ఖాళీ పిస్టల్ హ్యామర్ ఎక్కుపెట్టి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలండి. సేఫ్టీ తీసి, బొటనవేలితో హ్యామర్‌ను కొంచెం వెనక్కి లాగండి. చిన్నగా 'టిక్' మంటే సియర్ జరిగినట్టే. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని ఎవరో ఆకురాయి పెట్టినా ఇదే జరుగుతుంది. అరిగిన భాగం మార్పించాల్సిందే, అదీ లైసెన్స్ ఉన్న రిపేరర్ దగ్గరే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకూ లైసెన్స్ కావాలి.

సమస్య: కింద పడగానే పేలింది

పాత సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో (ప్రతిసారీ హ్యామర్‌ను చేత్తో ఎక్కుపెట్టాల్సినవి) హ్యామర్‌కున్న పిన్ నేరుగా తూటా ప్రైమర్ (దెబ్బ తగిలితే అంటుకుని మందును పేల్చే అడుగు భాగం) మీద ఆనుతుంది. హ్యామర్‌కు దెబ్బ తగిలితే చాలు. అందుకే ఆరు గదులున్నా ఐదే నింపి, హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచాలి. రూగర్ కంపెనీ 1973లో ట్రాన్స్‌ఫర్ బార్ తెచ్చింది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితేనే ఆ పలక పైకి లేచి హ్యామర్ దెబ్బను పిన్‌కు అందిస్తుంది.

కొత్త డిజైన్ అయితే భయం లేదనుకోవద్దు. 2017లో సిగ్ సావర్ పీ320 ఒక కోణంలో పడితే పేలుతోందని బయటపడింది. పడిన ఊపుకు బరువైన ట్రిగ్గరే తనంతట తాను వెనక్కి కదిలింది. కంపెనీ ఉచితంగా తేలికైన ట్రిగ్గర్ బిగించి, లోపలి భాగాలూ మార్చింది. చేజారిన తుపాకీని గాల్లో అందుకోబోకండి, వేలు ట్రిగ్గర్‌లోకే దూరుతుంది. పడినదాన్ని రిపేరర్ చూసేదాకా లోడ్ చేయకండి.

సమస్య: నొక్కితే పేలలేదు, లేదా 'టప్' మని నీరసంగా పేలింది

పేలకపోతే బారెల్‌ను టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ప్రైమర్ ఆలస్యంగా అంటుకోవచ్చు. నీరసంగా పేలితే గుండు బారెల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు. ఇంకోటి కాల్చారంటే బారెల్ చీలిపోవచ్చు. అక్కడే ఆపి, అన్‌లోడ్ చేసి, రిపేరర్‌కు ఇవ్వండి.

సమస్య: హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెడుతుంటే పేలింది

చొక్కా అంచో, మెత్తబడి లోపలికి ముడుచుకున్న తోలో ట్రిగ్గర్‌కు తగులుకుంటుంది. తోలు మెత్తబడితే హోల్‌స్టర్ పారేయండి. పెట్టేటప్పుడు చూస్తూ, నిదానంగా పెట్టండి.

సమస్య: ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నాక పిన్ ఇరుక్కుంటోంది

నెలల తరబడి పడున్న నూనె జిగురుగా మారుతుంది. ఫైరింగ్ పిన్ ముందుకు పొడుచుకుని ఇరుక్కుంటే, స్లైడ్ మూసుకోగానే ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉంది. ఖాళీ పిస్టల్ స్లైడ్ వెనక్కి లాగి, తూటా ఆనుకునే ముఖం చూడండి. పిన్ మొన బయటికి కనిపించకూడదు. కనిపిస్తే లోడ్ చేయకుండా నేరుగా రిపేరర్ దగ్గరికి తీసుకెళ్లండి. కనిపించకపోయినా, విప్పి పాత నూనె తుడిచి, పలచగా కొత్తది రాశాకే తూటాలు ముట్టుకోండి.