షొప్ఫ్-మెరెయి గురించి రాయాలంటే ముందు పేర్ల చిక్కు విప్పుకోండి

పాతకాలం హంగేరీ పిల్లల డాక్టర్ల గురించి తెలుగులో ఓ వ్యాసం రాద్దామని కూర్చుంటే మొదటి తలనొప్పి పేర్లతోనే. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందు రాస్తారు. 1804లో హంగేరీలోని గ్యోర్‌లో పుట్టిన షొప్ఫ్-మెరెయి ఆగోష్ట్‌నే తీసుకోండి, జర్మన్‌లో ఆగస్ట్ షొప్ఫ్, ఇంగ్లండ్ వెళ్లాక డాక్టర్ మెరెయి. ఒక్క పేరుతో వెతికితే సగం జీవితమే దొరుకుతుంది. అన్నీ ఓ కాగితం మీద రాసుకుని ఒక్కోటి విడిగా వెతకండి.

తర్వాత ఊళ్లు. ఆయన 1839లో పేద పిల్లల కోసం పన్నెండు మంచాలతో ఆసుపత్రి తెరిచింది పెస్ట్‌లో. బుడాపెస్ట్ అని రాసేయకండి, బుడా, ఓబుడా, పెస్ట్ కలిసి ఒక్క నగరమైంది 1873లో. ఆ ఆసుపత్రి ఎంత ముందో చదివేవాళ్లకి తెలియాలంటే పక్కన ఒక పోలిక పెట్టండి: లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి మొదలైంది 1852లో.

ఆస్ట్రియా పాలన మీద హంగేరీలో జరిగిన 1848-49 విప్లవం దగ్గర చాలామంది "దేశం విడిచి వెళ్లాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది. యాభైకి దగ్గరపడుతున్న వయసులో, పరాయి భాషలో, మాంచెస్టర్‌లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పిల్లల ఎముకలు వంగిపోయే రికెట్స్ గురించి 1855లో ఇంగ్లిష్‌లో పుస్తకం వేశాడు, మరుసటి ఏడు జేమ్స్ వైట్‌హెడ్‌తో కలిసి అక్కడా పిల్లల ఆసుపత్రి పెట్టాడు, 1858లో ఆ ఊళ్లోనే పోయాడు. రికెట్స్‌కి కారణమైన విటమిన్ డి లోపం సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు, అది గుర్తుపెట్టుకుని ఆ పుస్తకం గురించి రాయండి.

పెస్ట్ ఆసుపత్రి ఆయన దేశం విడిచాక బోకయి యానోష్ అనే పిల్లల డాక్టరు చేతికొచ్చింది. ఇక్కడ ఇంకో గుంట ఉంది, నేనూ పడ్డాను: కొడుకు పేరూ అదే, పిల్లల డాక్టరే! గొంతు మూసుకుపోయే డిఫ్తీరియా జబ్బు చేసిన పిల్లలకి ఊపిరాడటానికి గొంతులో గొట్టం వేసే పద్ధతిని హంగేరీలో ముందుకు తీసుకెళ్లిన ఘనత తండ్రి ఖాతాలో వేసేసి, తేదీలు చూసి నాలుక్కరుచుకున్నా. న్యూయార్క్‌లో డాక్టర్ ఓడ్వయర్ ఆ పద్ధతిని ప్రకటించింది 1885లో, తండ్రి పోయింది 1884లో. మనవడిదీ అదే పేరు, కాకపోతే ఆయన రచయిత. పేరు ముందు "ఇదోషెబ్" అని ఉంటే పెద్దాయన, "ఇఫ్యబ్" అని ఉంటే చిన్నాయన. ఏమీ లేకపోతే పుట్టిన సంవత్సరం చూడకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి.