పిల్లల కోసం చూస్తున్నవారి టిఫిన్: సమస్యలు, పరిష్కారాలు

ఏదో ఒక టిఫిన్ తిన్నంత మాత్రాన గర్భం రాదు. అలా చెప్పేవారిని నమ్మకండి. కానీ రక్తహీనత, షుగర్ ఎగుడుదిగుళ్లు, థైరాయిడ్ లాంటివి అడ్డుపడుతుంటే, వాటిని దారికి తెచ్చుకోవడంలో పొద్దున తినే తిండి నిజంగా సాయపడుతుంది.

సమస్య: ఎనిమిదింటికి తింటే పదిన్నరకే ఆకలి, నీరసం, తీపి మీదికి మనసు పోవడం.

కారణం: ఇడ్లీ, దోసెల్లో బియ్యం, రవ్వదే పెద్ద వాటా. ఉప్మాలో అయితే పప్పు పోపు వరకే. అందుకే షుగర్ గబగబా పెరిగి, అంతే త్వరగా దిగుతుంది. పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పి నెలసరి, అండం విడుదల దెబ్బతినే సమస్య) ఉన్నవారిలో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, అండం విడుదల గాడి తప్పుతుంది.

పరిష్కారం: పెసరట్టు. దీన్ని మించిన టిఫిన్ మనకు లేదనే నా అభిప్రాయం. 100 గ్రాముల పెసల్లో దాదాపు 23 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఫోలేట్ అనే బీ విటమిన్ కూడా బాగా ఉంటుంది. రెండు కప్పుల పొట్టు పెసలకు గుప్పెడు బియ్యం కలిపి రాత్రి నానబెట్టి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బుకోండి. పులియాల్సిన పని లేదు. అట్టు తిప్పేటప్పుడు విరిగిపోతుంటే పిండి మరీ పలచనైనట్టు, చెంచాడు బియ్యప్పిండి కలపండి. పెనానికి అంటుకుంటే ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్ది, పెనం బాగా కాలాక వేయండి. తరిగిన మునగాకు చల్లితే ఇంకా మంచిది. ఉప్మా పెట్టిన ఎమ్మెల్యే పెసరట్టు ఎప్పుడో ఒకసారి చాలు, రోజూ వద్దు. మొలకలు ఇష్టమైతే పచ్చివి తినకుండా ఆవిరి మీద ఉడికించండి.

సమస్య: ఆకుకూరలు తింటున్నా హిమోగ్లోబిన్ పెరగడం లేదు.

కారణం: టిఫిన్‌తో పాటే టీ. అందులోని టానిన్లు ఆకుల్లో, పప్పుల్లో ఉన్న ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు.

పరిష్కారం: టీ గంట తర్వాత తాగండి. ప్లేటులో నిమ్మరసమో జామకాయ ముక్కలో ఉంటే ఐరన్ బాగా పడుతుంది. గుడ్డు కూడా తినని శాకాహారులు బీ12 పరీక్ష చేయించుకోవాలి.

సమస్య: థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) తగ్గడం లేదు.

కారణం: మాత్ర వేసుకున్న వెంటనే కాఫీయో పాలో రాగిజావో తాగడం. రాగిజావ మంచిదే, వేళే తప్పు.

పరిష్కారం: మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి తినండి. థైరాయిడ్ మాత్రకూ ఐరన్, కాల్షియం మాత్రలకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఒక్కటి మాత్రం తిండితో సరిపెట్టుకోవద్దు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. కొందరికి ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు, డాక్టర్‌ను అడగండి.

సమస్య: పథ్యమంతా భార్యకే, భర్త మాత్రం టీ, బిస్కెట్లతో ఆఫీసుకు వెళ్తున్నాడు.

కారణం: పిల్లలు పుట్టకపోతే లోపం ఆడవాళ్లదే అనుకోవడం. ఇది చాలా అన్యాయం.

పరిష్కారం: ఇద్దరికీ ఒకటే టిఫిన్. వీర్యకణాలు తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఆయన ఈరోజు నుంచే మొదలుపెట్టాలి, సిగరెట్ కూడా మానాలి. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, నెలసరి సరిగా రాకపోతే ఇప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వీర్య పరీక్ష సులువు, అది మొదట్లోనే చేయించండి.