వానలో రోడ్ బైక్ మడ్‌గార్డు: చప్పుడు, జారుడు, చిమ్ముడు - కారణాలు, పరిష్కారాలు

మామూలు సైకిలు కొన్నప్పుడు మడ్‌గార్డు దానితోనే వస్తుంది. రోడ్ బైక్‌కు, అంటే సన్నని టైర్లతో వేగంగా తొక్కడానికి చేసిన సైకిలుకు, రాదు. బరువు తగ్గించడానికి, వేగం పెంచడానికి ఫోర్కునూ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం) వెనక ఫ్రేమునూ టైరుకు వేలు దూరే సందు కూడా లేకుండా దగ్గరికి చేర్చి తయారుచేస్తారు కాబట్టి, వాటిలో చాలావాటికి మడ్‌గార్డు కడ్డీలు బిగించే బోల్టు రంధ్రాలు సైతం ఉండవు. అందుకే జూన్‌లో వానలు మొదలవగానే తగిలించి, అక్టోబరు దాటాక విప్పి దాచుకొనే రకం మడ్‌గార్డులే ఈ సైకిళ్లకు దిక్కు. వీటిలో కొన్నింటిని ఫోర్కుకూ ఫ్రేముకూ రబ్బరు పట్టీలతోనో కేబుల్ టైలతోనో (లాగితే బిగుసుకొనే సన్నని ప్లాస్టిక్ పట్టీలు) కడతారు, కొన్నింటిని సీటు పోస్టుకు క్లాంపుతో పట్టిస్తారు. సీటు కింద దోపే చిన్న ప్లాస్టిక్ రేకును కూడా కొందరు మడ్‌గార్డు అంటారు గానీ, కూర్చున్న చోటు తడవకుండా చూడడం మినహా పాదాలకూ చైనుకూ వెనక వచ్చేవారికీ దానివల్ల ఒరిగేది ఏమీ లేదు కనుక దాని ఊసు ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఈ మడ్‌గార్డుల మీద వినిపించే ఫిర్యాదులకు సాధారణంగా రెండే మూలాలు ఉంటాయి. బోల్టుకు బదులు పట్టీ మీద ఆధారపడడం వల్ల మడ్‌గార్డు కదిలిపోతుంది. కదలకపోయినా, ఉండవలసినంత కిందికి లేకపోవడం వల్ల నీళ్లను ఆపలేకపోతుంది. మడ్‌గార్డు పనికిరాదని విప్పి మూలన పడేసే ముందు ఈ రెండింటిలో ఏది జరుగుతోందో తేల్చుకోవాలి.

టైరుకు రాసుకుంటున్న చప్పుడు

చప్పుడు ఎలా వస్తోందో శ్రద్ధగా వింటే కారణం సగం అక్కడే తెలిసిపోతుంది. 700×25 సైజు (25 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు) టైరు చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు మూడు చుట్లకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. చప్పుడు అదే లయలో, చుట్టుకు ఒకసారి చొప్పున ‘చర్ర్, చర్ర్’మని వస్తూంటే దోషం మడ్‌గార్డుది కాదు. రిమ్ము ఒకచోట బెండు అయి ఉంటుంది, లేదా టైరు ఒకచోట రిమ్ములో సరిగా కూర్చోక ఉబ్బి ఉంటుంది. అప్పుడు మడ్‌గార్డును ఎటు జరిపినా ఆ చప్పుడు పోదు. మొదట రిమ్ము బెండు తీయించుకోవాలి, టైరులో గాలి తీసి మళ్లీ సరిగా కూర్చోబెట్టాలి. చప్పుడు తెంపు లేకుండా ‘గర్ర్’మని వస్తే మడ్‌గార్డు ఒక పక్కకు ఒరిగిందని అర్థం. సీటు మీంచి లేచి బలంగా తొక్కినప్పుడు మాత్రమే వస్తే చక్రం పక్కలకు ఊగుతోందని, గతుకుల్లో మాత్రమే వస్తే ఆధారం లేని మడ్‌గార్డు చివర ఎగిరి పడుతోందని అనుకోవాలి.

ఒరిగిన మడ్‌గార్డును సరిచేయబోయే ముందు చక్రం తన చోట నిటారుగా కూర్చుందో లేదో చూడాలి. వానలో పంక్చరు వేసుకొని హడావుడిగా చక్రం బిగించినప్పుడు అది ఒక పక్కకు రెండు మూడు మిల్లీమీటర్లు వాలి ఉండడం సర్వసాధారణం. క్విక్ రిలీజ్ (చక్రపు ఇరుసును బిగించే మీట) వదులు చేసి, సైకిలు బరువు నేల మీద ఆనేలా నిలబెట్టి, మళ్లీ బిగిస్తే చాలాసార్లు మడ్‌గార్డును ముట్టుకోకుండానే చప్పుడు ఆగిపోతుంది.

అయినా ఆగకపోతే, రాసుకొనే చోటు కంటికి ఆనకపోతే, ముగ్గుపిండి పనికొస్తుంది. చిటికెడు పిండిని నీళ్లతో పలుచగా కలిపి, మడ్‌గార్డు లోపలి వైపు వేలితో పూసి ఆరనివ్వాలి. తరువాత ఆ చక్రం నేలకు తగలకుండా సైకిలును ఎత్తి పట్టుకొని ఇరవై ముప్పై చుట్లు తిప్పితే, టైరు తగిలిన చోట ముగ్గు చెరిగి కింది ప్లాస్టిక్కు బయటపడుతుంది. సైకిలును తలకిందులుగా పెట్టి మాత్రం ఈ పరీక్ష చేయకూడదు. అలా పెడితే మడ్‌గార్డు వేలాడే తీరే మారిపోతుంది. (ముగ్గు డబ్బా ఏమైందని ఇంట్లో అడగక ముందే పని ముగించుకోవడం మేలు.)

సందు ఎంత ఉందో స్కేలుతో కొలవడం కుదరదు. 5 మి.మీ. అలెన్ కీని (ఆరు పలకల, ఎల్ ఆకారపు కీ) టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దూర్చి ఒక కొస నుంచి మరో కొస దాకా జరిపినప్పుడు అది ఎక్కడా బిగుసుకోకూడదు. రిమ్ము బ్రేకు (రిమ్మును రెండు పక్కల నుంచి నొక్కి ఆపేది) ఉన్న సైకిళ్లలో బ్రేకు కింద అంత చోటు దొరకదు. అక్కడ మడ్‌గార్డును బలవంతంగా దూర్చే బదులు బ్రేకుకు ముందొకటి, వెనకొకటి చొప్పున రెండు ముక్కలుగా వచ్చే రకం తీసుకోవాలి. ఇంకొక చిక్కు టైరు వెడల్పుతో వస్తుంది. 25 అని రాసి ఉన్న టైరు ఇప్పటి వెడల్పాటి రిమ్ము మీద 27 మి.మీ. దాకా విచ్చుకోవచ్చు కాబట్టి, మడ్‌గార్డు పెట్టె మీద ‘25 వరకు’ అని చూసి కొన్నవారు తమ టైరును వెర్నియర్‌తో కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మడ్‌గార్డు ఉన్నా వీపు మీద బురద చార

వీపును తడిపేది పైనుంచి పడే వాన ఒక్కటే కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకుకు సోలార్ పలకల కప్పు ఉంది. అయినా గాలికి పక్కల నుంచి జల్లు కొట్టి తడిసిన నేల మీద తొక్కితే వీపు మీద చార పడుతుంది. టైరును వదిలిన నీటి చుక్క, వదిలిన చోట చక్రానికి గీసిన స్పర్శరేఖ వెంట దూసుకుపోతుంది. ఇది మనం పదో తరగతి లెక్కల్లో చదువుకున్నదే. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో, వెనక చక్రపు వెనక అంచు నుంచి నిట్టనిలువుగా లేచిన చుక్క, గాలి అడ్డును పక్కన పెట్టి లెక్కిస్తే, దాదాపు రెండున్నర మీటర్లు పైకి ఎగరగలదు. అంతకన్నా పై భాగం నుంచి విడిపోయిన చుక్క ముందుకు వాలి నేరుగా వీపుకే తగులుతుంది.

సైకిలును కుడిపక్క నుంచి చూస్తూ చక్రాన్ని గడియారంగా ఊహించుకుంటే, వెనక మడ్‌గార్డు కొస తొమ్మిది గంటల అంకె దాకా దిగాలి. పదింటి దగ్గరే ఆగిపోతే ఎంత ఖరీదైన మడ్‌గార్డైనా చార పడక తప్పదు. దీన్ని పరీక్షించడానికి ఒక చీపురు పుల్ల చాలు. మడ్‌గార్డు ఆగిన చోటుకు సరిగ్గా కింద, టైరును ఒక్క బిందువు దగ్గరే తాకేలా పుల్లను ఆనించి, పుల్ల పై కొస ఎటు చూస్తోందో గమనించాలి. అది సీటు వైపో వీపు వైపో వాలి ఉంటే మడ్‌గార్డును ఇంకా కిందికి జరపాలి, లేదా కొసకు అదనపు రేకు కట్టాలి.

చార నడివీపున కాక ఒక పక్కనే పడుతూంటే పొడవు సరిపోయినట్టే. మడ్‌గార్డు రెండో పక్కకు ఒరిగి ఉంటుంది. రెండు పక్కలా తుంపర వస్తే వెడల్పు చాలలేదని అర్థం. టైరు అసలు వెడల్పు కన్నా మడ్‌గార్డు కనీసం 8 మి.మీ. ఎక్కువ ఉండాలన్నది నేను పాటించే లెక్క. సీటు పోస్టుకు పట్టించే రకం టైరుకు చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి దానికి ఇంకా ఎక్కువ వెడల్పు కావాలి. రోడ్ బైక్‌కు ఆ రకాన్ని నేను సిఫారసు చేయను.

బూట్లు తడిసిపోవడం

వెనక మడ్‌గార్డు కొని ముందుది మానేసేవారే ఎక్కువ. పాదాలనూ పెడల్ ఇరుసు బేరింగులనూ ఎక్కువగా తడిపేది ముందు చక్రం. దాని కింది వెనక భాగం నుంచి నీరు వెనక్కీ పైకీ ఎగసి, ఇసుకతో సహా బూట్ల మీద, ఫ్రేము అడుగున, చైను మీద పడుతుంది. తగిలించుకొనే మడ్‌గార్డులు ముందు చక్రానికి సాధారణంగా ఫోర్కు వెనక కొద్ది దూరమే దిగుతాయి. అందువల్ల మడ్‌గార్డు ఉన్నా గంట తిరిగేసరికి మేజోళ్లు పిండుకోవలసి వస్తుంది.

దీనికి ఇంట్లోనే చేసుకోగల పరిష్కారం కింది కొసకు ఒక మెత్తని రేకును వేలాడగట్టడం. ఖాళీ ఇంజిన్ ఆయిల్ డబ్బా పక్క గోడ ఇందుకు సరిగ్గా పనికొస్తుంది. అది వంగుతుంది, విరగదు. అరచేయంత ముక్కను, పైన మడ్‌గార్డంత వెడల్పుగా, కింద కాస్త విప్పారేలా కత్తిరించి, కాల్చిన మేకుతో రేకుకూ మడ్‌గార్డుకూ రెండేసి రంధ్రాలు చేసి, కేబుల్ టైలతో కట్టాలి. టైల ముడి తప్పనిసరిగా బయటి వైపుకు రావాలి. లోపల ఉంటే టైరుకు గీసుకుంటుంది. రేకు కింది అంచు నేలకు బెత్తెడు కన్నా ఎక్కువ, జానెడు కన్నా తక్కువ ఎత్తులో ఉంటే స్పీడ్ బ్రేకర్ తగిలినా వంగి మళ్లీ తన చోటికి వస్తుంది.

రేకు కట్టాక హ్యాండిలును రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి, పెడలు మీద బూటుతో సహా పాదం పెట్టి చూడాలి. చిన్న సైజు ఫ్రేముల్లో బూటు మొన మడ్‌గార్డుకు తగులుతుంది. నేరుగా పోతున్నప్పుడు ఇబ్బంది ఉండదు గానీ, నెమ్మదిగా యూ టర్న్ తీసుకొనేటప్పుడు అదే పడగొడుతుంది.

గుంత దాటగానే మడ్‌గార్డు పక్కకు తిరగడం

రబ్బరు పట్టీ ఆరిన ఫ్రేము మీద గట్టిగా పట్టుకుంటుంది; తడి ఫ్రేము మీద, అందులోనూ పాలిష్ పూసిన ఫ్రేము మీద జారుతుంది. ఇంట్లో బాగానే ఉన్న బిగింపు అరగంట వాన తరువాత వదలిపోవడానికి కారణం ఇదే. పట్టీ వచ్చే చోటును సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక స్పిరిట్ గుడ్డతో తుడిచి, పాత ట్యూబు నుంచి కోసిన రెండంగుళాల ముక్కను కింద చుట్టి, దాని మీద పట్టీ లాగి కట్టాలి. పాత ట్యూబును పంక్చరు షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. ట్యూబు లోపలి వైపు పౌడరు ఉంటుంది కాబట్టి దాన్ని కూడా కడగాలి; కడగకుండా చుట్టి, రెండో గుంతకే మడ్‌గార్డు వేలాడిపోయాక నాకు ఆ సంగతి తెలిసింది.

పట్టీలు పాతబడడం మరో కారణం. వానకాలం ముగిశాక విప్పకుండా సైకిలుకే వదిలేస్తే ఏప్రిల్, మే నెలల ఎండకు రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. జూన్ మొదట్లో పట్టీని బాగా సాగదీసి చూడాలి. వెంట్రుక మందాన చీలికలు కనిపిస్తే కొత్తది వేయాలి. అదే చోట కేబుల్ టై వాడితే నల్లరంగువి మేలు. తెల్లవి ఎండకు త్వరగా పెళుసెక్కి, గట్టి కుదుపుకు టప్పున తెగుతాయి.

బురద, ఆకులు ఇరుక్కోవడం

ఈ భాగాన్ని అశ్రద్ధ చేయకూడదు. చేవెళ్ల రోడ్డులో మర్రిచెట్ల కింద వాన వెలిసిన ఉదయం తొక్కుతుండగా ముందు చక్రం దగ్గర ‘టపటపా’ చప్పుడు మొదలైంది. దిగి చూస్తే తడిసిన మర్రాకు ఒకటి టైరుకు అంటుకొని మడ్‌గార్డు లోపలికి వెళ్లి, మడత పడి, ఫోర్కు రెండు కాళ్లు కలిసే చోటు కింద చిక్కుకొని ఉంది. ఆకు కనుక సరిపోయింది. అదే పుల్ల అయి ఉంటే మడ్‌గార్డును చక్రంతో పాటు లాక్కుపోయి ముందు చక్రాన్ని ఆపేసేది, అప్పుడు మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడేవాడు.

కాబట్టి ముందు చక్రం దగ్గర కొత్త చప్పుడు ఏది వినిపించినా వెంటనే బండి ఆపి చూడాలి. కాలితో తన్ని ఆకును వదిలించుకోవాలని చూడకూడదు. విరిగిన, సగం వేలాడుతున్న ముందు మడ్‌గార్డుతో ఇల్లు చేరుదామని ప్రయత్నించకుండా పూర్తిగా విప్పి వీపు సంచిలో వేసుకోవాలి. నల్లరేగడి మట్టి రోడ్డు తగిలితే ఏ సందూ చాలదు. పది చుట్లలో మడ్‌గార్డు నిండి చక్రం బిగుసుకుపోతుంది. అక్కడ మడ్‌గార్డు తీసేయడమో, సైకిలును భుజాన వేసుకొని నడవడమో తప్ప ఉపాయం లేదు.

పట్టీ కింద రంగు పోవడం

పట్టీ కింద చేరిన ఇసుక, మడ్‌గార్డు వణికినప్పుడల్లా గరుకు కాగితంలా ఫ్రేమును అరగదీస్తుంది. పట్టీ వచ్చే చోట పారదర్శకమైన రక్షణ టేపు ముందే అంటించి, వానలో తొక్కిన వారానికి ఒకసారైనా పట్టీ విప్పి తుడవాలి. కార్బన్ ఫోర్కు, కార్బన్ సీటు పోస్టుల విషయంలో రంగు పోవడంతో ఆగదు, కింది కార్బన్ కూడా అరగవచ్చు; గీత లోతుగా ఉంటే మెకానిక్‌కు చూపించాలి.

వెనక వచ్చేవారి ముఖాన నీళ్లు

తొమ్మిది గంటల అంకె దగ్గర ఆగిన మడ్‌గార్డు మన వీపును కాపాడుతుంది గానీ వెనక వచ్చేవారిని కాపాడదు. ఒంటరిగా తొక్కేవారికి దీనితో పని లేదు. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తి చేయవలసిన, పోటీ కాని దూరపు సైకిల్ యాత్ర) లాంటి ప్రయాణాల్లో, 13 గంటల 30 నిమిషాల గడువులో ఒకరి వెనక ఒకరు గంటల తరబడి తొక్కేటప్పుడు మాత్రం మన చక్రం చిమ్మిన మురికి నీరు వెనకవారి కళ్లలో, వారి నీళ్ల సీసా మూతి మీద పడుతుంది. పైన చెప్పిన ఆయిల్ డబ్బా రేకునే వెనక కొసకు కూడా, ఎనిమిదింటి అంకె దాటి దిగేలా కడితే సరిపోతుంది. బరువైన రేకు కడితే మడ్‌గార్డు కొస కిందికి వాలి టైరుకు తగులుతుంది కాబట్టి, కట్టాక 5 మి.మీ. అలెన్ కీ పరీక్ష మళ్లీ చేయాలి.

పంక్చరు అయినప్పుడు చక్రం బయటికి రాకపోవడం

మడ్‌గార్డు అడ్డం వచ్చి చక్రం ఊడకపోతే బలవంతంగా లాగకూడదు. లాగితే కడ్డీలు వంగిపోతాయి. టైరులో మిగిలిన గాలి పూర్తిగా వదిలి, బ్రేకు విడుదల మీటను తెరిచి, కింది పట్టీ ఒక్కటి విప్పి మడ్‌గార్డును పైకి తిప్పితే చక్రం దానంతట అదే జారి వస్తుంది. కేబుల్ టైలతో కట్టుకున్నవారు చిన్న కత్తెర, నాలుగు కొత్త టైలు పంక్చరు కిట్లోనే ఉంచుకోవాలి. కోసిన టై మళ్లీ పనికిరాదు.