సౌండ్ 0లో పెడితే 50కి ఎందుకెళ్లింది?

జావాస్క్రిప్ట్‌లో సౌండ్ సెట్టింగ్ రాశాను. యూజర్ ఏమీ ఎంచుకోకపోతే 50 తీసుకోవాలని విలువ పక్కన || 50 పెట్టాను. సౌండ్ 0కి తగ్గించి పేజీ రీలోడ్ చేస్తే మళ్లీ 50! తప్పు సేవ్ అయ్యే చోట ఉందనుకుని గంటసేపు అక్కడే వెతికాను. చివరికి బ్రౌజర్ కన్సోల్‌లో (కోడ్‌ను అక్కడికక్కడే నడిపి చూసే చోటు) 0 || 50 కొట్టి చూస్తే 50 వచ్చింది.

అప్పుడర్థమైంది. || అనే ఈ ఆర్ ఆపరేటర్ ట్రూ, ఫాల్స్ మాత్రమే ఇవ్వదు. ఎడమవైపు విలువ ట్రూ కింద లెక్కకొస్తే దాన్నే ఇస్తుంది, కుడివైపు చూడనే చూడదు. లేదంటే కుడివైపుది ఇస్తుంది. 0, ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల్లేని టెక్స్ట్), నల్ (కావాలనే ఖాళీగా పెట్టిన విలువ), అన్‌డిఫైన్డ్ (విలువే ఇవ్వనిది) అన్నీ దానికి ఫాల్సే.

దాని బదులు జావాస్క్రిప్ట్ 2020 ప్రమాణంలో వచ్చిన ?? ఆపరేటర్ పెట్టాను. నల్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ అయితేనే అది కుడివైపుకు వెళ్తుంది. 0 అలాగే నిలిచింది. అన్నట్టు, బ్రాకెట్లు లేకుండా ||, ?? రెండిటినీ కలిపితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది.