బ్లడ్ క్యాన్సర్ సపోర్ట్ గ్రూప్‌లో చేరడం ఎలా: విశాఖలో దరఖాస్తు విధానం

సపోర్ట్ గ్రూప్ అంటే ఒకే జబ్బు ఉన్నవారు, వారి ఇంట్లోవాళ్లు ఒకరికొకరు మాట సాయం చేసుకునే బృందం. అందులో చేర్చమని వార్డు సచివాలయంలో అర్జీ పెడితే పని జరగదు. దీనికంటూ ప్రభుత్వ సర్వీసు ఏదీ లేదు. దారి మొదలయ్యేది చికిత్స జరుగుతున్న ఆసుపత్రిలోనే. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కావచ్చు, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) కావచ్చు, నగరంలోని ప్రైవేటు ఆసుపత్రి కావచ్చు. ముందు అడగాల్సింది మెడికల్ సోషల్ వర్కర్‌ని. ఆ పోస్టు లేనిచోట కౌన్సెలర్‌ని, లేదంటే కీమో ఎక్కించే డే కేర్ వార్డులో సిస్టర్ ఇన్‌ఛార్జిని అడగండి. ఏ జబ్బుతో ఎవరు వస్తున్నారో, ఎవరు నిలకడగా ఉన్నారో, కొత్తవారితో మాట్లాడే ఓపిక ఎవరికి ఉందో వీళ్లకే బాగా తెలుస్తుంది. ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్‌లో కూర్చునే వైద్య మిత్ర పథకం అప్రూవల్స్ చూస్తారు. గ్రూపుల సంగతి వారి పని కాదు గానీ, సోషల్ వర్కర్ ఏ గదిలో, ఏ రోజుల్లో ఉంటారో చెప్పగలరు.

ముందు జబ్బు పూర్తి పేరు తెలుసుకోండి

బ్లడ్ క్యాన్సర్ ఒక్క జబ్బు కాదు. సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, నెమ్మదిగా పెరిగే రకం) ఉన్నవారిలో చాలామంది రోజూ మాత్ర వేసుకుని ఉద్యోగానికి వెళ్తారు. మూడు నెలలకోసారి చేయించే బీసీఆర్-ఏబీఎల్ (జబ్బు ఎంత మిగిలిందో చెప్పే) రక్త పరీక్షలో అంకె ఎంత వచ్చిందన్నదే వాళ్ల ప్రధాన చర్చ. ఏఎంఎల్ (అక్యూట్ మైలాయిడ్ లుకేమియా, వేగంగా పెరిగే రకం) ఉన్నవారు మొదటి విడత కీమోకే దాదాపు నెల రోజులు వార్డులో ఉండాల్సి వస్తుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్‌కు (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మైలోమా (ఎముక మూలుగలోని కణాలకు వచ్చే క్యాన్సర్) వారిని బాధపెట్టేవి ఎముకల నొప్పులు, కిడ్నీల ఇబ్బందులు.

అందుకే తప్పు గ్రూపులో చేరితే మేలు కంటే కీడే ఎక్కువ. నిన్నగాక మొన్న సీఎంఎల్ అని తేలిన మనిషి ఏఎంఎల్ గ్రూపులో అడుగుపెట్టి, అక్కడి ఐసీయూ కబుర్లు చదివి తన పనీ అయిపోయిందనుకుంటాడు. దీనికి ఎదురుగా జరిగేది ఇంకా ప్రమాదం. ఏఎంఎల్ రోగి ఇంట్లోవాళ్లు సీఎంఎల్ గ్రూపులో చేరి, మాత్రలతో సరిపోతుందట కదా అని కీమో వాయిదా వేస్తారు. ఒక్క అక్షరం తేడాతో ఇంత జరుగుతుంది.

ఫోన్‌లో ఏఎంఎల్, ఏఎల్ఎల్, సీఎంఎల్ అన్నీ ఒకేలా వినిపిస్తాయి. మైలాయిడ్, మైలోమా అన్న మాటలు కూడా అంతే, కానీ జబ్బులు వేరు. కాబట్టి పేరును కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఎముక మూలుగ పరీక్ష రిపోర్టులో చివరన ఇంప్రెషన్ అనే చోట ఆ పేరు ఉంటుంది. ఓపీ చీటీలో జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం గుర్తు ఉంటే అది డాక్టరు అనుమానం మాత్రమే, ఇంకా తేలలేదని అర్థం. తేలేదాకా ఏ గ్రూపులోనూ చేరవద్దు. లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో మొదలయ్యే క్యాన్సర్) అయితే హాడ్జ్‌కిన్ రకమా, నాన్ హాడ్జ్‌కిన్ రకమా అన్నది కూడా రాయించుకోండి.

తీసుకెళ్లాల్సిన కాగితాలు

తాజా డిశ్చార్జ్ సమ్మరీ లేదా చివరి ఓపీ పేజీ జిరాక్స్ ఒకటి, బయాప్సీ (ఎముక మూలుగ లేదా గడ్డ ముక్క పరీక్ష) రిపోర్టు జిరాక్స్ ఒకటి, అర్జీ ఒకటి. అంతే. ఒరిజినల్ ఫైలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. గ్రూపులో చేరడానికి ఆధార్, రైస్ కార్డు అక్కర్లేదు. అవి వైద్య సేవకు, ఆర్థిక సాయానికి, ఉచిత వసతికి కావాలి. మాట్లాడుకునే గ్రూపు కోసం ఆధార్ ఫొటో పంపమంటే ఎందుకని అడగండి. సరైన జవాబు రాకపోతే ఆగిపోండి.

అర్జీ ఎలా రాయాలి

అర పేజీ చాలు. నమూనా ఇది:

మెడికల్ సోషల్ వర్కర్ గారికి,
నా భర్త మీ ఆసుపత్రిలో సీఎంఎల్‌కు చికిత్స తీసుకుంటున్నారు. ఫైలు నంబరు: ........ ఇదే జబ్బు ఉన్నవారితో, వారి కుటుంబాలతో మాట్లాడే వీలు కల్పించగలరు. తెలుగులో మాట్లాడేవారైతే మేలు. తనకున్న జబ్బు ఏమిటో ఆయనకు తెలుసు. నా ఫోన్ నంబరు గ్రూపు నడిపేవారికి మాత్రమే ఇవ్వడానికి మా ఇద్దరికీ సమ్మతమే. సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయవచ్చు.
ఇట్లు, (సంతకం), (రోగి సంతకం), తేదీ

ఇందులో తీసేయకూడనివి రెండు వాక్యాలు. మొదటిది, రోగికి జబ్బు పేరు తెలుసా లేదా అన్నది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు జబ్బు పేరు చెప్పకుండా రక్తం తక్కువైందని నెట్టుకొచ్చేవారు ఎందరో. ఆ సంగతి రాయకపోతే గ్రూపు నుంచి ఎవరో ఫోన్ చేసి నేరుగా రోగితోనే క్యాన్సర్ అనేస్తారు. అలా తెలిసిన మనిషిని మళ్లీ కుదుటపరచడం ఇంట్లోవాళ్ల వల్ల కాదు. రోగికి ఇంకా చెప్పకపోతే అర్జీలో ఆ మాటే రాసి, సహాయంగా ఉండేవారి గ్రూపు ఉంటే దానిలో మాత్రమే చేర్చమని అడగండి. ఈలోగా రోగికి ఎలా చెప్పాలో సోషల్ వర్కర్ సాయం అడగవచ్చు. అదీ వాళ్ల పనే.

రెండోది, నంబరు ఎవరికి ఇవ్వాలన్న సమ్మతి. అది రాతపూర్వకంగా లేకపోతే మంచి ఆసుపత్రి మీ నంబరు ఎవరికీ ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. నెలలు గడిచినా ఫోన్ రాలేదని బాధపడే కేసుల్లో కారణం తరచూ ఇదే. సమ్మతి కాగితం లేక అర్జీ ఫైలులోనే ఉండిపోతుంది.

అర్జీ ఇవ్వడానికి ఓపీ రద్దీ ఉండే పొద్దున్న పూట పనికిరాదు. కీమో ఎక్కేటప్పుడు అటెండెంట్‌కు రెండు మూడు గంటలు ఖాళీ దొరుకుతుంది, అప్పుడు వెళ్లండి. రెండు వారాల్లో కబురు రాకపోతే తర్వాతి ఫాలో అప్ రోజున అర్జీ జిరాక్స్ చూపించి మళ్లీ అడగండి. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు వైపు నుంచి వచ్చేవారు మీ ఊరి వైపు వారెవరైనా ఉన్నారా అని కూడా అడగాలి. ఏ బస్సుకు బయల్దేరాలి, రాత్రి జ్వరం వస్తే దగ్గర్లో ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలకు జవాబు వారి దగ్గరే దొరుకుతుంది.

ఆసుపత్రి బయట

సీఎంఎల్ వారికి దేశంలో గట్టి ఆసరా ఫ్రెండ్స్ ఆఫ్ మ్యాక్స్. 1997లో అమెరికాలో మొదలైన ద మ్యాక్స్ ఫౌండేషన్‌కు అనుబంధంగా, సీఎంఎల్, జిస్ట్ (జీర్ణవ్యవస్థలో వచ్చే ఒక రకం కణితి) రోగుల కోసం నడుస్తున్న బృందమిది. పిల్లల క్యాన్సర్ అయితే తల్లిదండ్రులు క్యాన్‌కిడ్స్ సంస్థను అడగాలి. చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గిన యువతకు ఉగం అనే బృందం ఉంది. అది 1951 నుంచి పనిచేస్తున్న ఇండియన్ క్యాన్సర్ సొసైటీ ఆధ్వర్యంలోనిది. వీటిని సంప్రదించేటప్పుడు మొదటి వాక్యంలోనే జబ్బు పేరు, రోగి వయసు, ఊరు, మాట్లాడే భాష చెప్పండి. తెలుగులో మాట్లాడే వాలంటీరు కావాలని స్పష్టంగా అడగకపోతే సంభాషణ హిందీలోనో ఇంగ్లీషులోనో సాగి, అసలు చెప్పాలనుకున్నది మిగిలిపోతుంది.

గ్రూపు దొరికేలోపు మనసు బరువెక్కి నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడతారు. రోగికే కాదు, పక్కన కూర్చుని నిద్ర మానేసినవారికి కూడా అది వర్తిస్తుంది.

వాట్సాప్ గ్రూపులో చేరేముందు

గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ మీ నంబరు కనిపిస్తుంది. ప్రైవసీ సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ ఫొటో కాంటాక్టులకు మాత్రమే కనిపించేలా మార్చండి. మిమ్మల్ని గ్రూపుల్లో చేర్చే వీలు కూడా కాంటాక్టులకే ఉంచండి. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇళ్లలో ఈ జాగ్రత్తకు ఎంత విలువ ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

రిపోర్టు ఫొటో పెట్టాల్సి వస్తే, కాగితం పైభాగాన్ని పేరు, వయసు, ఫైలు నంబరు, బార్‌కోడ్ అన్నీ వెనక్కి పోయేలా మడవండి. కౌంట్స్ ఉన్న గడులు మాత్రమే కనిపించేటట్టు తీయండి. అడుగున డాక్టరు సంతకం పక్కన కూడా కొన్ని ల్యాబులు రోగి పేరు మళ్లీ ముద్రిస్తాయి. పంపేముందు అక్కడా చూసుకోండి.

గ్రూపు మంచిదో కాదో వారం రోజులు చదివితే తెలిసిపోతుంది. నడిపేవారు ఎవరో పేరుతో చెబుతారా? మందు మోతాదు గురించి అడిగినప్పుడు డాక్టరుని అడగమంటున్నారా? ఈ రెంటికీ అవునని జవాబు వస్తే ఉండండి. చేరడానికి డబ్బు, మిగిలిపోయిన మందుల అమ్మకం, ఫలానా పొడితో నయమైందన్న మాటలు కనిపిస్తే బయటికి వచ్చేయండి. ప్లేట్‌లెట్స్ కోసమని బొప్పాయి ఆకు రసం, పచ్చి గోధుమ గడ్డి రసం సలహా ప్రతి గ్రూపులోనూ వస్తుంది. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ కీమో తర్వాత తెల్లరక్తకణాలు పడిపోయి ఉన్నప్పుడు ఉడకని ఆకు రసంతో ఒంట్లోకి ఇన్‌ఫెక్షన్ చేరవచ్చు. డాక్టరుకు చెప్పకుండా ఏదీ తాగించవద్దు.

నేరుగా జరిగే సమావేశానికి వెళ్లాలంటే

ముందు తాజా సీబీసీ (రక్త కణాల లెక్క) రిపోర్టు చూపించి డాక్టరుని అడగండి. న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లరక్తకణాలు) సంఖ్య మైక్రోలీటరుకు 500 కన్నా తక్కువగా ఉంటే జనంలోకి వెళ్లే రోజు కాదది. ఆ రోజు ఇంట్లోవాళ్లు వెళ్లి రావచ్చు, రోగి ఫోన్‌లో పాల్గొనవచ్చు. కీమో నడుస్తున్న రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే సమావేశం సంగతి మర్చిపోయి, పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగవద్దు. గ్రూపులో ఫోన్ చేసి ఏం చేయాలని అడుగుతూ కూర్చునే సమయం కాదది.

హైదరాబాద్, వేలూరు, ముంబై వెళ్లి చూపించుకునేవారికి రైలు రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీలో క్యాన్సర్ రోగికి పూర్తిగా ఉచితం, వెంట వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు. సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలో ఇద్దరికీ 50 శాతం. ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్రతో రైల్వే నమూనాలో సర్టిఫికెట్ తీసుకుని రిజర్వేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి. అయితే ఈ రాయితీ చికిత్సకు, చెకప్‌కు చేసే ప్రయాణానికే. గ్రూపు సమావేశానికి వర్తించదు. అక్కడి బృందాన్ని కలవాలనుకుంటే ఫాలో అప్ తేదీని, సమావేశం తేదీని కలిపి ముందే చూసుకోండి.

ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. గ్రూపులో ఎవరో చెప్పారని వికలాంగ సర్టిఫికెట్ కోసం తిరుగుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో రక్తానికి సంబంధించి ఉన్నవి హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ మాత్రమే. బ్లడ్ క్యాన్సర్ ఆ జాబితాలో లేదు. జబ్బు వల్ల నడక, చూపు వంటివి దెబ్బతింటే ఆ కారణం మీద దరఖాస్తు చేసుకోవచ్చు.

మీరే గ్రూపు పెట్టాలనుకుంటే

నలుగురైదుగురు ఫోన్‌లో మాట్లాడుకోవడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. విరాళాలు తీసుకోవడం, బ్యాంకు ఖాతా తెరవడం మొదలయ్యాకే దాని అవసరం వస్తుంది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద జిల్లా రిజిస్ట్రార్‌కు దరఖాస్తు చేయాలి. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. సొసైటీ పేరు, చిరునామా, ఆశయాలు రాసిన మెమొరాండం, నియమావళి, సభ్యుల పేర్లు, వృత్తి, చిరునామాలు, సంతకాలు జతచేస్తారు. ఆఫీసు ఒకరి ఇంట్లో అయితే ఇంటి యజమాని సమ్మతి పత్రం దగ్గర ఉంచుకోండి.

దరఖాస్తు వెనక్కి వచ్చేది ఎక్కువగా పేరు దగ్గరే. ప్రభుత్వ సంస్థ అనిపించే పేరు, ఇప్పటికే ఉన్న సొసైటీ పేరు పనికిరావు. ఆసుపత్రి పేరు వాడాలంటే వాళ్ల రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆశయాల్లో చికిత్స అందిస్తామని రాయకండి. రోగులకు మాట సాయం, సమాచారం, రక్తదాతల సమన్వయం అని చేయగలిగినదే రాయండి. రిజిస్టర్ అయ్యాక ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టేటప్పుడు, అందులో ఒకరైనా రోగి కాని కుటుంబ సభ్యుడై ఉండాలి. సంతకం చేయాల్సినవారు ఇద్దరూ ఒకేసారి వార్డులో ఉంటే ఖాతాలోని డబ్బు ఎవరికీ అందదు.