సైకిల్ యాత్ర మధ్యలో విశ్రాంతి రోజు: తొట్లకొండను ఎలా చూడాలి?

ఇచ్ఛాపురంలో బయల్దేరి మూడు రోజులు తొక్కితే విశాఖ చేరాం. నాలుగో రోజు మా పన్నెండు మందికీ విశ్రాంతి. మొదటిసారి వచ్చినప్పుడు ఆ రోజును పాడు చేసుకున్నాం. ఎలాగూ ఇక్కడే ఉన్నాం కదా అని తొట్లకొండ, బావికొండ, పావురాళ్ళకొండ మూడూ సైకిళ్ల మీదే తిరిగాం. మర్నాడు అనకాపల్లి చేరేసరికే ముగ్గురికి మోకాళ్లు పట్టేశాయి. రెండోసారి ఒక్క తొట్లకొండే చూశాం, తీరిగ్గా చూశాం. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

1. ఒక్క కొండనే ఎంచుకోండి

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో మూడు బౌద్ధ స్థలాలున్నాయి. తొట్లకొండ నగరానికి సుమారు 15 కిలోమీటర్లు. బావికొండ అక్కడికి దగ్గరే. పావురాళ్ళకొండ భీమిలిని ఆనుకుని ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లకు తొట్లకొండే మంచిదని నా అభిప్రాయం. పైదాకా రోడ్డు ఉంది, శిథిలాలన్నీ నడిచి చూసేంత దగ్గరగా ఉన్నాయి, కింద సముద్రం కనిపిస్తూ ఉంటుంది. అనకాపల్లి పక్కన శంకరంలో ఉన్న బొజ్జన్నకొండను మాత్రం ఇదే రోజులో ఇరికించకండి. అక్కడి గుహలకు, లింగాలకొండ మీద రాతిలో చెక్కిన స్తూపాల వరుసలకు విడిగా ఒక పూట ఇవ్వాలి.

2. సైకిల్ పని ముందు రోజు సాయంత్రమే ముగించండి

ఉప్పుగాలికి చైన్ త్వరగా తుప్పు పడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, నూనె వేసి, సైకిల్‌ను గదిలో పెట్టేయండి. మర్నాడు దాన్ని ముట్టుకోవద్దు. కొండకు ఆటోల్లో వెళ్లండి. రానూపోనూ, పైన రెండు గంటలు ఆగడం కలిపి ముందే బేరం మాట్లాడుకోండి, కొండ మీద తిరుగు ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు. గేటు ఎన్నింటికి తీస్తారో కూడా ఆ సాయంత్రమే కనుక్కోండి. గుంపులో ఎవరైనా రానంటే బలవంతం చేయకండి. ఆ రోజు వాళ్లకు కావలసింది నిద్రే కావచ్చు.

3. పొద్దున్నే బయల్దేరండి

ఇడ్లీ తిని, గేటు తీసే వేళకి అక్కడ ఉండండి. పైన నీడ తక్కువ, తొమ్మిది దాటితే ఉక్కపోత మొదలవుతుంది. టోపీ, మనిషికో లీటరు నీళ్లు తప్పనిసరి. క్లీట్లు (పెడల్‌కు బిగుసుకునే బిళ్లలు) ఉన్న సైక్లింగ్ బూట్లు రాళ్ల మీద జారతాయి, మామూలు బూట్లు వేసుకోండి.

4. తొట్లతో మొదలుపెట్టండి

చాలామంది నేరుగా మహాస్తూపం, అంటే అక్కడి పెద్ద గుండ్రటి స్తూపం దగ్గరికి వెళ్లి ఫొటోలు దిగి వచ్చేస్తారు. మీరు ముందు తొట్లు చూడండి. వాననీళ్లు నిలవ చేసుకోవడానికి కొండరాతిని తొలిచిన తొట్లు అవి, కొండకు ఆ పేరు వాటి వల్లే వచ్చింది. కొండ మీద అంతమంది భిక్షువులు ఎలా బతికారన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. రోజుకు ఎన్ని బాటిళ్ల నీళ్లు కావాలో లెక్క వేసుకుంటూ తొక్కే మనకు ఆ తొట్ల విలువ ఇట్టే అర్థమవుతుంది.

తర్వాత విహారాలు, అంటే భిక్షువుల నివాసాలు. వరుసగా చిన్న చిన్న గదుల పునాదులు కనిపిస్తాయి. ఒక గది ముందు పది నిమిషాలు ఊరికే కూర్చోండి. బౌద్ధ భిక్షువులు ఊరూరా తిరిగేవాళ్లు. వానాకాలం మూడు నెలలు మాత్రం తిరగడం మాని ఒకచోట ఉండాలన్నది వాళ్ల నియమం, దాన్నే వర్షావాసం అంటారు. విహారాలు పుట్టింది ఆ అవసరంలోంచే. అంటే దారిన పోయేవాళ్లు ఆగడానికి కట్టుకున్న చోట్లోనే మనమూ ఆగాం. ఈ మాట చెప్పినప్పుడు మా గుంపంతా కాసేపు మౌనంగా ఉండిపోయింది. నాకు ఆ యాత్ర మొత్తంలో బాగా గుర్తున్నది ఆ పది నిమిషాలే.

అక్కడి నుంచి భోజనశాల, చైత్యగృహాలు (ప్రార్థనా మందిరాలు) చూసి చివరికి మహాస్తూపం దగ్గరికి రండి. సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఇది హీనయాన (బౌద్ధంలో పాత శాఖ) బౌద్ధుల కేంద్రం. 1970ల్లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కింద కనిపించే ఆ సముద్రం మీదుగా వ్యాపారం ఎంత దూరం సాగేదో ఆలోచించండి. 2019 వానలకు మహాస్తూపంలో కొంత భాగం కూలింది, తర్వాత బాగు చేశారు. కాబట్టి ఫొటో కోసం గోడలెక్కకండి, ఒక్క ఇటుక కూడా కదిలించకండి.

5. పదిన్నరకల్లా దిగిపోండి

కింద కొబ్బరిబోండాం తాగి, బసకు వచ్చి, కడుపునిండా అన్నం తిని రెండు గంటలు పడుకోండి. సాయంత్రం ఆర్కే బీచ్‌లో చదునుగా ఉన్నచోట మెల్లగా నడిస్తే కాళ్ల బిగువు సడలుతుంది. నీళ్లలోకి మాత్రం దిగకండి, ఆ తీరంలో అలలు లోపలికి లాగేస్తాయి. గదికి వచ్చి మర్నాటికి బాటిళ్లు నింపుకుని, టైర్లలో గాలి చూసుకుని, తొమ్మిదింటికల్లా నిద్రపోండి.