కస్టమర్ అడిగిన మాటే హెడ్డింగ్‌గా పెట్టండి

పచ్చళ్ల వ్యాపారానికి వెబ్‌సైట్ రాస్తున్నారా? మొదటి పేజీలో "నాణ్యతకు మారుపేరు, అమ్మచేతి రుచి" అని రాసి వదిలేయకండి. ఆ మాటలతో గూగుల్‌లో ఎవరూ వెతకరు. "బెల్లం ఆవకాయ కిలో ఎంత", "అమెరికాకి పచ్చళ్లు పంపుతారా" అని వెతుకుతారు.

ఇవి ఊహించుకోనక్కర్లేదు. వాట్సాప్‌లో, ఫోన్‌లో కస్టమర్లు అడిగింది అడిగినట్టే ఓ వారం రాసిపెట్టుకోండి, సగం పని అయిపోయినట్టే. సైట్ ఇప్పటికే నడుస్తుంటే గూగుల్ సెర్చ్ కన్సోల్ చూడండి, అది ఉచితం. జనం ఏం టైప్ చేస్తే మీ పేజీ కనిపించిందో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో ఉంటుంది. ఇంప్రెషన్లు (అంటే గూగుల్ ఫలితాల్లో మీ పేజీ కనిపించిన సార్లు) బాగా ఉండి క్లిక్కులు రాని మాట దగ్గర ఆగండి. ఆ పేజీకి "మా ఉత్పత్తులు" అన్న టైటిల్ తీసేసి "బెల్లం ఆవకాయ: అరకిలో, కిలో ప్యాకింగ్" అని పెట్టండి. ధర, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఎక్కడెక్కడికి పంపుతారు అన్నవి మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పేయండి.

అలాగని ఒకే మాటను పేజీ నిండా ఇరికించొద్దు. గూగుల్ దాన్ని స్పామ్ కింద లెక్కేస్తుంది. కీవర్డ్స్ మెటా ట్యాగ్ (పేజీ కోడ్‌లో చదివేవాళ్లకి కనపడకుండా రాసే వెతుకుడు మాటల జాబితా) నింపుతామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ర్యాంకింగ్‌కి దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.